ఇంటి దగ్గర నుండి చదివే డిగ్రీ విలువ ఎంత?

ఇంటర్ ఫలితాలు వెలువడిన వారము మొదలుకొని జూలై నెలాఖరు వరకు మా గుమ్మము తొక్కేవారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే. "అయ్యగారూ, పిల్లను ఓపెన్‌లో డిగ్రీ కట్టించమంటారా? ఆ డిగ్రీ చెల్లుతుందా?" తండ్రి అడుగుతాడు. తల్లి పక్కన నిలబడి వింటూ ఉంటుంది. చదవవలసిన పిల్ల మాత్రము చాలాసార్లు వారితో రాదు. ఈ నెల దీనిని గురించి కొంచెము వివరముగా వ్రాయదలచితిమి.

చెల్లుతుందా అన్న మాటకు జవాబు చిన్నదే. యు.జి.సి. అనుమతి ఉన్న విశ్వవిద్యాలయము దూరవిద్య ద్వారా ఇచ్చిన బి.ఎ., బి.కాం. వంటి డిగ్రీ, రోజూ కాలేజీకి వెళ్లి తెచ్చుకున్న డిగ్రీతో సమానము. 2020 నాటి నిబంధనలలో ఈ మాట ఉన్నది. 2022 సెప్టెంబరులో యు.జి.సి. మరొకసారి స్పష్టము చేసింది. డిగ్రీ అర్హతగా పెట్టిన పోటీ పరీక్షలకు దూరవిద్య పట్టాతో దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

అయితే "అనుమతి ఉన్న" అన్న రెండు మాటలలోనే చిక్కంతా ఉన్నది. విశ్వవిద్యాలయానికి పేరు ఉంటే చాలదు. మనము చేరబోయే ఆ కోర్సును దూరవిద్యలో నడుపుటకు, మనము చేరే ఆ సంవత్సరానికి, యు.జి.సి. దూరవిద్యా విభాగము అనుమతి ఇచ్చి ఉండాలి. ఆ జాబితా వారి వెబ్‌సైటులో ఉంటుంది. ఊరిలో నెట్ సెంటరు కుర్రవాడిని అడిగితే పది నిమిషాలలో తీసి చూపిస్తాడు. మన ప్రజలు గేదెను కొనేటప్పుడు పళ్లు చూస్తారు, పాలు పిండి చూస్తారు, ఈతలు లెక్కపెడతారు. మూడేండ్ల చదువుకు డబ్బు కట్టేటప్పుడు మాత్రము ఏజెంటు ఇచ్చిన రంగుల కాగితము చూసి కట్టివస్తారు!

ఇది ఊరికే భయపెట్టుటకు చెప్పే మాట కాదు. దూరవిద్యలో ఇంజనీరింగు పట్టాలు ఇచ్చిన నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాల విషయములో సుప్రీంకోర్టు 2017 నవంబరులో తీర్పు ఇచ్చినది. 2001 నుండి 2005 వరకు చేరినవారి పట్టాలను నిలిపివేసి, మరల పరీక్ష రాసి నెగ్గితేనే చెల్లుతాయన్నది. ఆ తరువాత చేరినవారి పట్టాలను రద్దు చేసినది. ఆ పట్టా చూపించి పదోన్నతి పొందినవారు, పిల్లల పెండ్లిళ్లు కూడా చేసిన వయసులో మరల పరీక్ష హాలులో కూర్చోవలసి వచ్చింది. ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రము, వ్యవసాయము – ఇవి దూరవిద్యలో ఇవ్వతగినవి కావు. మన సంఘాలలో ఆడపిల్లలను నర్సింగు చదివించాలన్న ఆశ ఎక్కువ గనుక గట్టిగా చెప్పుచున్నాము: ఇంటి దగ్గర నుండి నర్సింగు డిగ్రీ ఇప్పిస్తామని ఎవరైనా వస్తే మంచినీళ్లు ఇచ్చి పంపించండి, డబ్బు ఇవ్వకండి. మా సంఘములోని ఒక కుటుంబము అలాంటి మాట నమ్మి అరెకరము కౌలు డబ్బు పోగొట్టుకున్నది. ఆ పిల్ల ఇప్పటికీ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో దాచుకున్నది.

మరొక సంగతి వ్రాయుటకు మాకే సిగ్గుగా ఉన్నది. యు.జి.సి. ఏటా నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా ప్రకటిస్తుంది. 2023లో ప్రకటించిన దానిలో ఆంధ్రప్రదేశ్ నుండి రెండు ఉన్నాయి. ఒకటి గుంటూరు చిరునామాతో, రెండవది విశాఖపట్నము చిరునామాతో. ఒకదాని పేరులో కొత్త నిబంధన ఉన్నది, రెండవదాని పేరులో బైబిలే ఉన్నది. పేరు చూసి నమ్మే మన అలవాటు ఎక్కడికి తీసుకొని వెళ్తుందో దీనిని బట్టి గ్రహించవచ్చును. వారాంతములో ఏదో హోటలు హాలులో శాలువా కప్పించుకొని డాక్టర్లు అయ్యే మన తోటి సేవకుల సంగతి ఇక్కడ ఎత్తము. అది వేరే వ్యాసానికి సరిపోతుంది.

దూరవిద్య మన తెలుగువారికి కొత్తది కాదు. దేశములో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే పుట్టింది. అదే తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకున్నది. దానికి మొదటి వైస్ ఛాన్సలరు అయిన జి. రాంరెడ్డి గారే 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ మొదటి వైస్ ఛాన్సలరు అయ్యారు. ఇంటర్ లేనివారికి సైతము అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్న కాలమది. ఆర్టీసీ కండక్టర్లు, పోలీసు కానిస్టేబుళ్లు, చిన్న వయసులో పెండ్లి అయి బడి మానిన స్త్రీలు ఆ తలుపు గుండా లోనికి వచ్చారు. అయితే ఇంటర్ లేనివారు ఇప్పుడు ఆ పాత దారిని నమ్ముకొనక, ముందు ఓపెన్ స్కూలు ద్వారా ఇంటర్ పూర్తి చేసుకొనుట మేలు. మెట్టు దాటవేసి పై చదువు చదివినవారు ఉద్యోగాల దగ్గర చిక్కులు పడిన సందర్భాలు ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయపు తెలుగు పాఠ్యపుస్తకాలు ఎంత చక్కగా ఉంటాయంటే, గ్రూపు పరీక్షలకు చదివే పట్టభద్రులు సైతము వాటిని వెదకి కొనుక్కుంటారు. తెలుగు మాధ్యమములో చదివిన పల్లె పిల్లలకు ఇది చిన్న మేలు కాదు.

ఇక అసలు విలువ సంగతి. డబ్బు లెక్క అందరూ వేస్తారు గాని గంటల లెక్క వేయరు. మూడేండ్ల డిగ్రీకి ఇప్పుడు కనీసము 120 క్రెడిట్లు. దూరవిద్యలో ఒక్కొక్క క్రెడిటుకు 30 గంటల చదువు కావాలని నిబంధన. అంటే 3,600 గంటలు. మూడేండ్లకు పంచితే రోజుకు మూడు గంటల పైమాట, ఆదివారములు పండుగలు కలుపుకొని! నాట్లకు, కలుపుకు, పత్తి తీతకు వెళ్లి వచ్చి, వంట చేసి, గేదెకు మేత వేసిన తరువాత ఆ మూడు గంటలు ఎక్కడ నుండి వస్తాయి? అందుకే చేరినవారిలో ఎందరో మొదటి సంవత్సరము పుస్తకాల కట్ట తాడు కూడా విప్పరు. అందులో సోమరితనము కొంత ఉండవచ్చు, కాని ఇంటిలో ఎవరూ ఆ గంటలను విడిచిపెట్టకపోవుటే ఎక్కువ. ఇగ్నోలో మూడేండ్ల డిగ్రీని ఆరేండ్ల వరకు సాగదీసి పూర్తి చేసుకొనే వెసులుబాటు ఉన్నది. రోజుకు గంటన్నర కంటె దొరకనివారు ముందే ఆరేండ్లకు మనసు సిద్ధపరచుకొనుట మంచిది. మేమెరిగిన ఒక సహోదరి కుట్టుమిషను పని చేసుకుంటూ ఆరవ ఏట బి.ఎ. పూర్తి చేసినది. ఆ ఆరేండ్లూ రాత్రి ఎనిమిది నుండి తొమ్మిదిన్నర వరకు పిల్లలను భర్త చూసుకున్నాడు. ఊరిలో నవ్వారు కూడా. ఆమెకు ప్రభుత్వ ఉద్యోగము రాలేదు, రెండుసార్లు కొద్ది మార్కులలో పోయినది. డ్వాక్రా సంఘము లెక్కలు మాత్రము ఇప్పుడు ఆమె చేతిలోనే ఉన్నాయి. బ్యాంకు కాగితము మీద వేలిముద్ర వేయబోయే వారు ముందు ఆమె దగ్గరకు వెళ్తారు. దీనికి ఎంత ఖరీదు కట్టాలో మాకు చేతకాదు.

కాని పదిహేడేండ్ల పిల్లల విషయములో మా అభిప్రాయము వేరు. కాలేజీకి వెళ్లగలిగిన పిల్లను దూరవిద్యలో కట్టించకండి. కాలేజీలో లైబ్రరీ, స్నేహితులు, నలుగురిలో మాట్లాడే ధైర్యము దొరుకుతాయి. అవి పోస్టులో రావు. పైగా రెండు రాష్ట్రాలలోను ఫీజు రీయింబర్స్‌మెంటు రెగ్యులరుగా చదివేవారికే. దూరవిద్యవారికి ఆ పథకములో చోటు లేదు. "ఓపెన్ చవక" అనుకొనే కుటుంబము ఒక్కొక్కసారి ప్రభుత్వము కట్టే ఫీజును వదులుకొని తన చేతి డబ్బు కట్టుచున్నది.

మేము చూచుచున్నది మరొకటి కూడా ఉన్నది. ఒకే ఇంటిలో అబ్బాయిని బస్సు పాసు తీసి పట్టణములో కాలేజీకి పంపుతారు. అమ్మాయిని మాత్రము "ఇంటి పట్టున ఉండి చదువుకోమ్మా" అంటారు. ఆ చదువు పేరుకే. సంబంధము కుదిరే వరకు చెప్పుకొనుటకు ఒక మాట కావాలి, అంతే. పెండ్లి కాగితములో "బి.ఎ. చదువుచున్నది" అని వ్రాయుటకు పనికివస్తుంది. ఆ పిల్ల పరీక్ష తేదీ ఎప్పుడో తండ్రికి తెలియదు. సంఘ పెద్దల ఇండ్లలోనే ఇది జరుగుచున్నది గనుక మొగమాటము లేకుండా వ్రాయుచున్నాము. అమ్మాయి తనంతట తాను కోరుకుంటే, లేదా ఇంటి పరిస్థితి నిజముగా బాగులేకపోతే అది వేరు. అడగకుండా నిర్ణయించకండి.

చదివే విధానము గురించి ఒక మాట. ఇగ్నోలో ఎక్కువ కోర్సులకు 30 శాతము మార్కులు అసైన్‌మెంట్ల మీద, 70 శాతము పరీక్ష మీద ఉంటాయి. ఆ అసైన్‌మెంట్లు జిరాక్సు షాపులలో రాసి అమ్ముచున్నారు. కొన్నవాడు పరీక్ష హాలులో తెల్ల కాగితము ముందు కూర్చుంటాడు. నాలుగు పుటలు తన చేతితో రాసినవాడికి ఆ 70 కూడా సగము వచ్చినట్లే. ఇంగ్లీషు పేపరు దగ్గర ఆగిపోయేవారు ఎక్కువ గనుక, ప్రతి సంఘములోను ఒక ఉపాధ్యాయుడో, ఉద్యోగ విరమణ చేసినవారో వారానికి ఒక సాయంకాలము కేటాయిస్తే ఎంతో మేలు.

సంఘ సేవకులకు కూడా ఇది వర్తిస్తుంది. పాఠములు ఇంటికి పంపి, వారము వారము కూడి చర్చించే వేదాంత విద్య 1963లో గ్వాటెమాలాలో మొదలైనది. సేద్యము, కుటుంబము విడిచి సెమినరీకి రాలేని పల్లె సేవకుల కొరకే దానిని పెట్టారు. మన దేశములో సేరాంపూరు సెనేటు కూడా బయట నుండి చదువుకొనే కోర్సులు నడిపించినది. వేదాంత డిప్లొమా ఉన్న కాపరులు కొందరు ఇప్పుడు విశ్వవిద్యాలయపు బి.ఎ. కూడా దూరవిద్యలో చేయుచున్నారు. ఒక చిన్న హెచ్చరిక: వేదాంత డిప్లొమాను ఇంటర్‌తో సమానమని అందరూ ఒప్పుకొనరు, చేరకముందే అడిగి వ్రాతపూర్వకముగా తెలుసుకొనండి.

చివరిగా ఆదివారము సంగతి. స్టడీ సెంటర్లలో కౌన్సెలింగు తరగతులు ఎక్కువగా ఆదివారము, సెలవు దినాలలోనే పెడతారు, ఉద్యోగస్థులకు అదే వీలు గనుక. ఆరాధన మానాలా, తరగతి మానాలా అని పిల్లలు నలిగిపోవుచున్నారు. కొందరు చెప్పకుండానే సంఘానికి రావడము మానేస్తారు. వారిని తప్పుపట్టే ముందు బస్సు వేళలు చూడండి. మా దగ్గర తరగతులు నడిచే నెలలలో ఉదయము ఆరు గంటలకు చిన్న ఆరాధన ఒకటి పెట్టుకున్నాము. ఏడుంపావు బస్సుకు పిల్లలు అందుకుంటారు. మొదటి వారము ముగ్గురు వచ్చారు, ఇప్పుడు పదకొండుమంది వచ్చుచున్నారు. వారిలో నలుగురు తల్లులు.