ఉద్యోగంలో విరామం వచ్చాక ఏ కోర్సు చేయాలి?

మానేసిన పనిలోకి రెండు మూడేళ్ల తర్వాత మళ్లీ అడుగుపెట్టాలనుకునేవారిని యజమాని మొదట అడిగేది "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అనే. కొన్ని రోజుల నుంచి కొన్ని నెలల దాకా సాగే చిన్న కోర్సులు ఆ ప్రశ్నకు కొంత జవాబు ఇవ్వగలవు. అయితే ముందు కోర్సులో చేరి తర్వాత పని వెతుక్కుంటే డబ్బూ కాలమూ వృథా అవుతాయి. చుట్టుపక్కల ఏ పనికి మనుషులు కావాలో చూసుకున్నాకే కోర్సును ఎంచుకోవాలి.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, జోగులాంబ గద్వాల జిల్లా అయిజ ప్రాంతంలో, ఈ విరామానికి కారణాలు చాలా ఉంటాయి. ఆడవాళ్లకు పెళ్లి, కాన్పు, పిల్లల పెంపకం అడ్డొస్తాయి. సీడ్ పత్తి క్రాసింగ్ రోజుల్లో ఇంటిల్లిపాదీ చేనులోనే ఉండాలి. డిగ్రీ చదివినవాళ్ల ఏళ్లు ఎక్కువగా పోటీ పరీక్షలకే పోతున్నాయి. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్‌ను ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడ్డాక 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చి, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్ జరిగింది. అన్నాళ్లూ పుస్తకాల ముందు కూర్చున్నవారిని సోమరులనడం అన్యాయం. దరఖాస్తులో ఆ సంవత్సరాలను దాచాల్సిన పని లేదు, ఉన్నదున్నట్టు రాయవచ్చు.

వ్యవసాయమే ఆధారమైన అయిజలాంటి చోట ఎరువుల దుకాణానికి సంబంధించిన కోర్సు సూటిగా పనికొస్తుంది. ఎరువుల డీలర్ లైసెన్సుకు ఇప్పుడు విద్యార్హత కావాలి. వ్యవసాయ డిగ్రీ, డిప్లొమా లాంటివి లేనివారికి 15 రోజుల సమగ్ర పోషక యాజమాన్య సర్టిఫికెట్ కోర్సు ఉంది. పదో తరగతి పాసైనవారు అందులో చేరవచ్చు. బస్తా మీద 20-20-0-13 అని ఉంటే అర్థమేమిటో అక్కడ నేర్పుతారు: 50 కిలోల బస్తాలో 10 కిలోల నత్రజని, 10 కిలోల భాస్వరం, ఆరున్నర కిలోల గంధకం ఉంటాయి, పొటాష్ ఉండదు. భూసార పరీక్ష కాగితం చూసి ఏది ఎంత వేయాలో రైతుకు చెప్పగలిగినవారికి కౌంటర్ దగ్గర విలువ పెరుగుతుంది. ఇలాంటి శిక్షణల గురించి విచారించడానికి నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని కృషి విజ్ఞాన కేంద్రం అనువైన చోటు.

రెండో దారి లెక్కలు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక వ్యాట్ కాలం నాటి అకౌంట్స్ అనుభవం ఒక్కటే సరిపోవడం లేదు. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారి మరుసటి నెల 11లోపు జీఎస్టీఆర్-1, 20లోపు జీఎస్టీఆర్-3బి దాఖలు చేయాలి. కాబట్టి ట్యాలీ కోర్సు అంటే మెనూలు గుర్తుపెట్టుకోవడం కాదు. ఒక దుకాణం నెల బిల్లులన్నీ ఎక్కించి, పన్ను తేల్చి, రిటర్ను సిద్ధం చేయగలగాలి. కోర్సు ముగిసేలోగా ఆ పని ఒక్కసారైనా సొంతంగా చేయించని శిక్షణ సంస్థకు ఫీజు కట్టకపోవడమే మంచిది.

అసలు ఫీజు లేని శిక్షణలే చాలా ఉన్నాయి, వాటి సంగతి ఊళ్లకు సరిగ్గా చేరకపోవడమే బాధాకరం. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ప్రధానంగా 15 నుంచి 35 ఏళ్ల గ్రామీణ పేద యువత కోసం వచ్చింది. మహిళలకు, దివ్యాంగులకు 45 ఏళ్ల దాకా వీలు కల్పించారు. పిల్లలు కాస్త పెద్దయ్యాక పనికి రావాలనుకునే తల్లులకు ఆ పదేళ్ల సడలింపు చాలా విలువైనది. భూదాన్ పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ 1995 నుంచి నిరుద్యోగులకు వసతితో శిక్షణ ఇస్తోంది. సొంతంగా కుట్టుపనో, మొబైల్ రిపేరో పెట్టుకోవాలనుకునేవారికి బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ వీటికి నమూనా. ఈ సంస్థల్లో తిండీ బసా కూడా ఉచితమే. శిక్షణ అయ్యాక బ్యాంకు రుణం అందేలా చూస్తారు, రెండేళ్ల పాటు మంచిచెడ్డలు కనుక్కుంటారు.

ఇక్కడ ఒక చిక్కుంది. అయిజ మున్సిపాలిటీ, చుట్టుపక్కలవి గ్రామ పంచాయతీలు. గ్రామీణ పథకాలకు చిరునామా చూస్తారు కనుక పట్టణంలో ఉండేవారు మున్సిపాలిటీలోని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బందిని, ఊళ్లవారు మండల మహిళా సమాఖ్యను అడగాలి. మహిళా సంఘం సభ్యులకు ఆ దారి ముందే తెలిసి ఉంటుంది.

ఇల్లు కదల్లేనివారికి ఆన్‌లైన్ మిగిలింది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు 4, 8, 12 వారాల కోర్సులుగా ఉచితంగా దొరుకుతాయి. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి, కేంద్రానికి వెళ్లి రాయాలి. పర్యవేక్షణలో రాసిన పరీక్ష కాబట్టి దానికి కొంత నమ్మకం ఉంది. వీడియోలు చూసినందుకే ఇచ్చే కాగితానికి అది ఉండదు.

"నూటికి నూరు శాతం ఉద్యోగం" అని రాసిన బోర్డు చూసి డబ్బు కట్టేముందు రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి. ఆ కోర్సుకు జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలి గుర్తింపు ఉందా? గత బ్యాచ్‌లో చదివినవారు ఇప్పుడు ఎక్కడ, ఎంత జీతానికి పనిచేస్తున్నారు? రెండో ప్రశ్నకు ఫోన్ నంబర్లతో సహా జవాబు చెప్పలేని చోట చేరవద్దు.