ఆటకు కూలి కట్టిన పట్టణం: ప్రెస్టన్ జట్టు కథ

ఆట ఆడినందుకు డబ్బు పుచ్చుకొనడం నేరమని ఇంగ్లండులో ఒకప్పుడు క్రీడాసంఘపు పెద్దలు భావించేవారు. ఫుట్‌బాల్ ఆటగాండ్ర జీతాలను లక్షల పౌనులలో చెప్పుకొనే ఈ కాలంలో ఆ మాట మనకు వింతగా తోచవచ్చు. ఆ నియమాన్ని మార్పించడంలో ముందు నిలిచినది రాజధాని జట్టు కాదు. ఉత్తరాన లాంకషైరులో నూలుమిల్లులకు పేరుపడిన ప్రెస్టన్ పట్టణపు జట్టు. ఆ మార్పు ఆ జట్టును మొదట శిఖరానికి ఎక్కించినది. తరువాత అదే మార్పు దానిని వెనుకకు నెట్టినది. ఈ రెండూ ఎట్లు జరిగినవో శ్రోతలకు వివరించాలని మా ఉద్దేశము.

ప్రెస్టన్ రిబుల్ నది ఒడ్డున ఉన్నది. నూలు వడికే యంత్రంతో పేరుపొందిన రిచర్డ్ ఆర్క్‌రైట్ 1732లో పుట్టినది ఈ ఊరిలోనే. లాంకషైరు బట్ట మన రేవులలో దిగి మన నేతగాండ్ర మగ్గాలను ఎట్లు మూలబెట్టించినదో మనమెరిగినదే. ఆ బట్ట తయారుచేసిన మిల్లు కూలీల బ్రతుకును గూర్చి మాత్రం మనకు అంతగా తెలియదు. వారికి వారమంతా పనియే. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం వలన మిల్లులలో స్త్రీలకు, పిల్లలకు శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు పని ముగిసేది. క్రమంగా ఆ ఖాళీ పూట పురుషులకు కూడా దక్కినది. లాంకషైరులో ఫుట్‌బాల్ పెరిగినది ఆ పూటలోనే.

ప్రెస్టన్ నార్త్ ఎండ్ అనే ఈ సంఘం 1863లో క్రికెట్ ఆట కొరకు ఏర్పడినది. నార్త్ ఎండ్ అనగా ఊరి ఉత్తరపు కొస. 1875లో సంఘంవారు డీప్‌డేల్ అనే చోట ఒక పొలాన్ని కౌలుకు తీసుకొన్నారు. 1880లో ఫుట్‌బాల్‌ను తమ ఆటగా స్వీకరించారు. నేటికీ ఆ జట్టు ఆడేది డీప్‌డేల్‌లోనే.

జట్టును తీర్చిదిద్దినవాడు విలియం సడెల్ అనే మిల్లు మేనేజరు. ఆ రోజులలో ఇంగ్లండు ఆటగాడు బంతి దొరికితే తానొక్కడే తోసుకొని పోయేవాడు. స్కాట్లండువారు బంతిని ఒకరికొకరు అందించుకొంటూ ముందుకు సాగేవారు. ఆ పద్ధతిలోని బలాన్ని గుర్తించి సడెల్ స్కాట్లండు ఆటగాండ్రను రప్పించాడు. ఊరిలో వారికి ఉద్యోగాలు చూపించాడు. చాటుగా డబ్బు కూడా ఇచ్చాడు.

ఇక్కడనే చిక్కు వచ్చినది. లండనులోని ఫుట్‌బాల్ అసోసియేషన్ నాయకులలో పెక్కుమంది పెద్ద పాఠశాలలలో చదివిన సంపన్నులు. వారికి ఆట వినోదము. డబ్బు చేరితే ఆట చెడుతుందని వారి భయము. మిల్లు కూలీ సంగతి వేరు. దూరపు ఊరిలో ఆడవలెనంటే అతడు శనివారం ఉదయపు పని మానుకోవాలి. మానుకొంటే కూలి పోతుంది. ఆటకు వేతనం కూడదన్న నియమం పైకి అందరికీ సమానమే. దాని బరువు మాత్రం పేదవానిమీదనే పడినది.

1884 జనవరిలో కప్పు పోటీలో ప్రెస్టన్ జట్టు లండనుకు చెందిన అప్టన్ పార్క్ జట్టుతో ఆడినది. ఆట 1-1గా ముగిసినది. ప్రెస్టన్‌వారు ఆటగాండ్రకు డబ్బు ఇస్తున్నారని ప్రత్యర్థులు ఫిర్యాదు చేశారు. సడెల్ బొంకలేదు. ఆ మాట నిజమేననీ, ఉత్తరాది జట్లలో ఇది మామూలేననీ ఒప్పుకొన్నాడు. అసోసియేషన్ జట్టును పోటీ నుండి తొలగించినది. ఆ సంవత్సరమే ఉత్తరాది సంఘాలు పలువురు కలిసి వేరుకుంపటి పెట్టుకొంటామని హెచ్చరించినవి. చివరకు 1885 జూలై 20న కొన్ని షరతులతో వేతనపు ఆటకు అనుమతి లభించినది.

వేతనమంటూ ఏర్పడగానే దాని వెంట మరొక అవసరం వచ్చినది. ఆటగానికి వారంవారం జీతం ఇవ్వాలి. కప్పు పోటీలో ఒకసారి ఓడితే ఇక ఆట లేదు. స్నేహపూర్వకపు పోటీలు ఏ క్షణాన రద్దవుతాయో తెలియదు. టిక్కెట్ల రాబడి నిలకడగా ఉండాలంటే పోటీలు కూడా ముందుగా నిర్ణయమై ఉండాలి. బర్మింగ్‌హాములో బట్టల వర్తకుడు, ఆస్టన్ విల్లా సంఘంలో ప్రముఖుడు అయిన విలియం మెగ్రెగర్ సూచనపై 1888లో పన్నెండు సంఘాలతో ఫుట్‌బాల్ లీగు స్థాపితమైనది. ఆరు లాంకషైరువి, ఆరు మధ్య మండలాలవి. లండను సంఘం ఒక్కటియు లేదు.

ఆ తొలి లీగులో ప్రెస్టన్ 22 ఆటలు ఆడి 18 గెలిచినది; నాలుగు సమానమైనవి; ఓటమి లేదు. అదే ఏడు కప్పును కూడా, ఒక్క గోలైనా ఇవ్వకుండా, గెలుచుకొన్నది. ప్రజలు వారిని అజేయులన్నారు. మరుసటి ఏడు కూడా లీగు విజేత ప్రెస్టనే. ఆ తరువాత లీగు ప్రథమ స్థానం ఆ ఊరికి మరల దక్కలేదు.

కారణం దూరాన లేదు. వేతనం న్యాయమైనప్పుడు ఎక్కువ వేతనం ఇవ్వగలవారికే బలం. లివర్‌పూల్, బర్మింగ్‌హాం వంటి నగరాలలో ప్రేక్షకులు వేలకువేలు. ప్రెస్టన్‌లో అంత జనం లేదు. సడెల్ కథ విషాదంగా ముగిసినది. మిల్లు సొమ్మును అపహరించిన నేరానికి 1895లో అతనికి జైలుశిక్ష పడినది. 1901లో జట్టు రెండవ డివిజనుకు దిగజారినది.

ఆ సంవత్సరమే అధికారులు వారానికి నాలుగు పౌనులు మించి జీతం ఇవ్వరాదని హద్దు పెట్టారు. హద్దు కాలానుగుణంగా పెరిగినా, 1961 వరకు నిలిచినది. సంఘం అనుమతి లేనిదే ఆటగాడు మరొక జట్టుకు పోరాదన్న నియమం కూడా ఉండేది. ఈ రెండూ ఆటగానికి సంకెళ్ళు. చిన్న పట్టణానికి రక్ష. నగరపు సంఘం ఎంత సంపన్నమైనా జీతం ఎక్కువ చూపలేదు కనుక మంచి ఆటగాడు సొంత ఊరిలో నిలిచేవాడు.

ఆ రక్షణలో ప్రెస్టన్ మరల తలయెత్తినది. 1938 కప్పు తుదిపోటీలో హడర్స్‌ఫీల్డ్ జట్టుతో అదనపు సమయం కూడా ముగియవచ్చినా గోలు పడలేదు. ఇక గోలు పడితే తన టోపీని తినివేస్తానని బి.బి.సి. వ్యాఖ్యాత థామస్ వుడ్రూఫ్ ప్రసారంలోనే అన్నాడు. చివరి నిమిషంలో పెనాల్టీ లభించి జార్జి మచ్ గోలు కొట్టాడు. వుడ్రూఫ్ తరువాత టోపీ ఆకారంలో చేసిన కేకును తిని మాట చెల్లించుకొన్నాడు. ప్రసారవృత్తిలో ఉన్న మాకు ఈ కథ నవ్వునూ, జాగ్రత్తనూ నేర్పుతుంది.

ఇక టామ్ ఫిన్నీ. 1922లో ప్రెస్టన్‌లో పుట్టాడు. ఆటతోపాటు ప్లంబరు పని నేర్చి, దానిని విడువలేదు. జీవితకాలంలో ప్రెస్టన్‌కే 433 లీగు ఆటలు ఆడి 187 గోళ్లు కొట్టాడు; ఇంగ్లండు పక్షాన 76 ఆటలు ఆడాడు. 1952లో ఇటలీలోని పలెర్మో సంఘం అతనికి 10,000 పౌనులు, ఇల్లు, కారు ఇస్తామన్నది. ప్రెస్టన్ సంఘం అనుమతించలేదు. ఇంగ్లండులో గరిష్ఠ వేతనం 1961లో సైతం వారానికి 20 పౌనులే. ఆ లెక్కన 10,000 పౌనులు దాదాపు పదేండ్ల జీతము!

ఫిన్నీ 1960లో ఆట విరమించాడు. 1961 జనవరిలో, ఆటగాండ్ర సంఘం సమ్మెకు సిద్ధపడగా, జీతాల హద్దు రద్దయినది. ఆ వసంతంలోనే ప్రెస్టన్ మొదటి డివిజను నుండి జారినది. ఫిన్నీ లేని లోటు వెంటనే తగిలిన దెబ్బ. హద్దు తొలగడం దీర్ఘకాలపు దెబ్బ. 1986లో జట్టు లీగులోని 92 సంఘాలలో 91వ స్థానానికి దిగినది. తరువాత కోలుకొన్నది గాని, 2024-25 వరకు అగ్రశ్రేణికి చేరలేదు.

అట్లని 1884లో సడెల్ చేసిన వాదం తప్పు కాదు. పనిచేసిన చేతికి కూలి ఇచ్చినట్లే ఆడిన కాలికీ ఇవ్వడం న్యాయము. ఫిన్నీ వంటి ఆటగాడు నేడు పుడితే బ్రతుకుతెరువుకై ప్లంబరు పని చేయనక్కరలేదు. అయితే అతడు ప్రెస్టన్‌లో నిలిచి ఉండడు. మొదటి మాటకు సంతోషించవలసినదే. రెండవ మాట ఆ ఊరు చెల్లించిన వెల.