ముందు లేచే వేళ పెట్టండి

స్మార్ట్‌ఫోన్‌లో నిద్రకు ఒక టైమ్‌టేబుల్ పెట్టుకునే సదుపాయం వచ్చి చాలాకాలమైంది. ఐఫోన్‌లో అది 2016లో గడియారం యాప్‌లో మొదలై, 2020లో హెల్త్ యాప్‌లోకి మారింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో గడియారం యాప్‌లోనూ, సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లోనూ ‘బెడ్‌టైమ్’ పేరుతో కనిపిస్తుంది. పడుకునే టైము ఎంత, లేచే టైము ఎంత, వారంలో ఏయే రోజులు అని అడుగుతుంది. మనం చెప్పిన వేళకు నోటిఫికేషన్ల నోరు మూయిస్తుంది, అడిగితే తెరమీది రంగులు తీసేసి నలుపు తెలుపు చేస్తుంది, తెల్లారి అలారం మోగిస్తుంది. ఎక్కువమంది ఇందులో మొదట పెట్టేది పడుకునే టైము. రోజూ పన్నెండున్నరకు నిద్రపోయేవాళ్లు మంచి సంకల్పంతో ‘రాత్రి 10’ అని పెడతారు. నాలుగు రోజులు పదింటికే మంచమెక్కి, నిద్ర పట్టక దొర్లి దొర్లి, అయిదో రోజు ఆ టైమ్‌టేబుల్‌ను ఆపేస్తారు. వీళ్ల పట్టుదలను తప్పుపట్టాల్సిన పనిలేదు. ఆ తెరమీద ఉన్న రెండు అంకెల్లో మనిషి అదుపులో నిజంగా ఉండేది ఒక్కటే, అది లేచే వేళ. ముందు దాన్ని బిగించాలి. పడుకునే వేళ దాని వెనకే వస్తుంది. శరీర గడియారం మీద ఇన్నేళ్లుగా జరిగిన పరిశోధన అంతా ఈ వైపే చూపిస్తోంది.

గడియారం అన్నది అలంకారానికి అంటున్న మాట కాదు. 1729లో ద మెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అత్తిపత్తి లాంటి మొక్కను ఎండ తగలని చీకట్లో ఉంచినా, బయట పగలయ్యే వేళకు అది ఆకులు విప్పుకోవడం గమనించాడు. పండు ఈగల్లో ఆ గడియారాన్ని నడిపే జన్యువు ఎలా పనిచేస్తుందో విప్పి చూపినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల్లో ఈ వ్యవస్థకు కేంద్రం మెదడు అడుగుభాగంలో, రెండు కళ్ల నరాలు కలిసేచోటికి కాస్త పైన ఉన్న సుమారు 20 వేల నాడీకణాల గుంపు. అది సరిగ్గా 24 గంటలకు ఒక చుట్టు తిరగదు. హార్వర్డ్‌లో చార్లెస్ జైస్లర్ బృందం మసక వెలుగులో మనుషులను వారాల తరబడి పరిశీలించి 1999లో తేల్చిన సగటు 24 గంటల 11 నిమిషాలు. అంటే దాని మానాన వదిలేస్తే చాలామందిలో ఈ గడియారం రోజూ కొంత వెనకబడుతుంది. రోజూ ఎవరో ఒకరు దాన్ని సరిచేయాలి. ఆ పని చేసేది వెలుగు. కంటి రెటీనాలో చూపుతో పెద్దగా నిమిత్తం లేకుండా, మెలనాప్సిన్ అనే పదార్థం సాయంతో వెలుతురు ఎంత ఉందో కొలిచి ఆ గుంపుకు చేరవేసే ప్రత్యేక కణాలున్నాయి. పొద్దున పడే వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి పొద్దుపోయాక పడే వెలుగు వెనక్కి నెడుతుంది. అందుకే మనం ఎన్నింటికి కళ్లు తెరిచి వెలుతురులోకి వస్తామన్నది ఆ రోజు దిద్దుబాటుకు ముహూర్తం అవుతుంది.

పడుకునే వేళకు అలాంటి శక్తి లేదు. స్విస్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో చెప్పిన నమూనా ప్రకారం నిద్ర రావడానికి రెండు కలిసిరావాలి. ఒకటి, మెలకువగా ఉన్నకొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి. మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగుపడటం దీనికి ఒక ముఖ్య కారణం, కాఫీ అడ్డుకునేది దాన్నే. రెండోది, శరీర గడియారం ఇచ్చే అనుమతి. విచిత్రమేమిటంటే అలవాటైన నిద్రవేళకు రెండు మూడు గంటల ముందు ఆ గడియారం మనల్ని మెలకువగా ఉంచడానికి గట్టిగా పనిచేస్తుంది. పన్నెండున్నర మనిషి పదింటికి పడుకుంటే సరిగ్గా ఆ ఘట్టంలో చిక్కుకుంటాడు. ఫోను ఎంత మర్యాదగా గుర్తుచేసినా నిద్ర ఆజ్ఞకు లొంగదు. లేవడం మాత్రం లొంగుతుంది, దానికి అలారం చాలు. రోజూ ఆరున్నరకు లేచినవాడికి రాత్రి అయ్యేసరికి ఒత్తిడీ అనుమతీ ఒక క్రమంలోకి వస్తాయి.

ఇక ఆదివారం సంగతి. ఫోన్లు శని, ఆదివారాలకు వేరే వేళలు పెట్టుకోమని చాలా ఉదారంగా వీలిస్తాయి. టైమ్‌టేబుల్‌కు గండి పడేది అక్కడే. మామూలు రోజుల్లో పదకొండున్నరకు పడుకుని ఆరింటికి లేచేవాళ్ల నిద్రకు నడిమి ఘడియ రెండూ ముప్పావు. అదే మనిషి శనివారం రాత్రి ఒంటిగంటకు పడుకుని ఆదివారం తొమ్మిదిన్నరకు లేస్తే అది అయిదుంబావుకు జరుగుతుంది. రెండున్నర గంటల తేడా. హైదరాబాద్‌కూ రియాద్‌కూ మధ్య ఉన్న కాలవ్యత్యాసం సరిగ్గా అంతే. అంటే శనివారం రాత్రి రియాద్ వెళ్లి, సోమవారం పొద్దునకల్లా తిరిగి వచ్చి ఆఫీసుకు పోతున్నట్టు. జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోనెబర్గ్, ఆయన సహచరులు 2006లో దీనికి ‘సోషల్ జెట్‌లాగ్’ అని పేరు పెట్టారు. ఆదివారం రాత్రి నిద్ర పట్టకపోవడాన్ని సోమవారం మీది దిగులు అనుకుంటాం కానీ, అందులో సగం పాపం ఆదివారం పొద్దుటిదే.

నిద్ర గంటలు ముఖ్యం గాని వేళలదేముంది అని ఎవరైనా అడగొచ్చు. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ కింద 60 వేల మందికి పైగా చేతికి కదలికలు కొలిచే పరికరాలు కట్టి వారంపాటు సేకరించిన సమాచారాన్ని విశ్లేషించిన అధ్యయనం ఒకటి 2023లో వెలువడింది. నిద్ర వేళలు అన్నిటికన్నా అస్తవ్యస్తంగా ఉన్న అయిదో వంతు మందితో పోలిస్తే, క్రమం పెరిగినకొద్దీ మిగతావారిలో మరణాల ముప్పు 20 నుంచి 48 శాతం దాకా తక్కువగా కనిపించింది. ముప్పును అంచనా వేయడంలో నిద్ర గంటల కన్నా క్రమమే మెరుగైన కొలతగా తేలింది. దీన్ని తలకెత్తుకునే ముందు ఒక మాట. ఇది పరిశీలన, ప్రయోగం కాదు. జబ్బుతో ఉన్నవాళ్లకు, బతుకు తెరువుకు వేళాపాళా లేనివాళ్లకు నిద్ర చెదరడం సహజం, కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో ఈ ఒక్క లెక్కతో తెగదు. గంటలు అక్కర్లేదనీ దీని అర్థం కాదు. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘాలు 2015లో చేసిన సిఫారసు అలాగే ఉంది. వారమంతా నిద్ర చాలనివాళ్లు సెలవు రోజున గంటో రెండు గంటలో అదనంగా పడుకోవడం మేలు చేయవచ్చని 2023లో నేషనల్ స్లీప్ ఫౌండేషన్ నిపుణులు కూడా ఒప్పుకున్నారు. నా ఉద్దేశంలో ఆ బాకీని పొద్దున ఆలస్యంగా లేచి కాక, శనివారం రాత్రి తొందరగా పడుకునో, ఆదివారం మధ్యాహ్నం కాసేపు కునుకు తీసో తీర్చుకుంటే గడియారం జోలికి పోకుండా పని జరుగుతుంది.

అసలు నేరం ఫోను తెరదే, దానిలోని నీలి వెలుగును ఆపితే చాలదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. ఈ భయానికి ఆధారం లేకపోలేదు. జైస్లర్ బృందమే ప్రచురించిన 2015 నాటి ప్రయోగంలో 12 మంది పడుకోబోయే ముందు నాలుగు గంటలపాటు ఒకసారి వెలుగు తెరమీద, ఒకసారి అచ్చు పుస్తకంలో చదివారు. తెరమీద చదివినప్పుడు నిద్ర పట్టడానికి పట్టిన అదనపు సమయం సుమారు పది నిమిషాలు, గడియారం మాత్రం గంటన్నర వెనకబడింది. అయితే ఆ గది చాలా మసకగా ఉంది, తెర నిండు వెలుగులో ఉంది. ఆ మరుసటి ఏడాది, 2016లో, స్వీడన్‌లోని ఉప్సాలాలో జరిగిన ప్రయోగం మరో పార్శ్వం చూపింది. పగలు ఆరున్నర గంటలు మంచి వెలుతురులో గడిపిన 14 మందిలో, రాత్రి రెండు గంటలు టాబ్లెట్ చదివినా నిద్రవేళను సూచించే మెలటోనిన్ అనే హార్మోను మీద ప్రభావం కనిపించలేదు. తెరను పసుపుపచ్చగా మార్చే ఐఫోన్ ‘నైట్ షిఫ్ట్’ సదుపాయాన్ని 167 మంది యువతీయువకుల మీద పరీక్షించి 2021లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, అది వాడినా వాడకపోయినా నిద్రలో తేడా రాలేదు. మబ్బు పట్టిన రోజైనా ఆరుబయట వెలుతురు వేల లక్స్‌లలో ఉంటుంది. ట్యూబ్‌లైటు వేసిన గదిలో వంద నుంచి మూడు వందలు, ఫోను తెర నుంచి ముఖం మీద పడేది కొన్ని పదులు. పొద్దున అరగంట డాబా మీదో వీధిలోనో ఉండటం రాత్రి ఫిల్టరు కన్నా ఎక్కువ పనిచేస్తుందనడానికి ఈ అంకెలే చాలు. ఫోను రాత్రి చేసే అసలు హాని వెలుగు కన్నా ‘ఇంకొక్క వీడియో’ అనిపించడంలో ఉంది. బెడ్‌టైమ్ మోడ్‌లో తెర నలుపు తెలుపు అవడం ఆ రుచిని కొంత చంపుతుంది గనక దానిని వాడమనే అంటాను.

ఇల్లంతా పదకొండు దాకా మేలుకుని ఉంటే ఒక్కరి ఫోను ఏం చేస్తుందన్న ప్రశ్న మన ఇళ్లకు మరీ వర్తిస్తుంది. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ బృందం 1980ల మొదట్లో, వెలుగు చొరని గుహలో పంజరంలో ఉంచిన గబ్బిలాలు తోటి గబ్బిలాల రాకపోకలను బట్టి వేళను సరిచూసుకుంటాయని నిరూపించింది. తోటివి లేని గుహలో వాటి వేళ తప్పిపోయింది. మనుషులం వెలుగుకు ఎక్కువ కట్టుబడినవాళ్లమే అయినా, రాత్రి భోజనం, టీవీ, వరండా కబుర్లు వెలుగును మోసుకొచ్చేవే. ఇక్కడా పొద్దుటి వేళే సులువు. రాత్రి పదికి ఇంటిల్లిపాదినీ పడుకోబెట్టడం ఎవరివల్లా కాదు, పొద్దున ఒకరు లేవడాన్ని ఎవరూ ఆపరు. యుక్తవయసు పిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. ఆ వయసులో గడియారం సహజంగానే వెనక్కి జరుగుతుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది అందుకే. మన ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారుజామునే మొదలయ్యే స్టడీ అవర్లకు ఈ శాస్త్రం సాక్ష్యం చెప్పదు. పిల్లలకు లేచే వేళ రోజూ ఒకటిగా ఉండాలి, కానీ అది కాలేజీ అనుమతించినంత ఆలస్యంగా ఉండాలి.

కాబట్టి ఫోనులో చేయాల్సింది ఇలా ఉంటుంది. ఇప్పుడు నిజంగా ఎన్నింటికి లేస్తున్నారో ఆ టైమునే ఏడు రోజులకూ పెట్టండి, ఆశపడుతున్న టైము కాదు. అక్కణ్నుంచి ఏడున్నర గంటలు వెనక్కి లెక్కిస్తే వచ్చేది పడుకునే టైము, దాన్ని గడువుగా కాక సూచనగా చూడాలి. వేళ ముందుకు జరపాలంటే మూడు నాలుగు రోజులకోసారి పదిహేను నిమిషాల చొప్పున లేచే టైమునే జరపాలి. ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల నుంచి అర్ధరాత్రి అత్యవసరంగా ఫోన్ వస్తేనో అన్న భయంతో చాలామంది ఈ మోడ్‌నే వాడరు. ఎంచుకున్న నంబర్లను అది అనుమతిస్తుంది. వెంటవెంటనే రెండోసారి చేసిన కాల్‌ను, ఆ సదుపాయం ఆన్‌లో ఉంటే, ఐఫోన్ మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్ పదిహేను నిమిషాల్లోపు మోగనిస్తాయి. నిద్ర ఎంత పట్టిందో చూపే గ్రాఫుల్ని రోజూ తడిమి చూసుకోవడం మాత్రం మానుకోవచ్చు. ఆ అంకెల మీది ఆత్రుతే నిద్ర చెడగొట్టిన ఉదంతాలను 2017లో అమెరికా వైద్యులు ప్రచురించారు కూడా.

ఈ సలహా అందరికీ అతకదు. వారానికో షిఫ్టు మారే ఫ్యాక్టరీ కార్మికులకు, రాత్రి డ్యూటీ నర్సులకు ఏడు రోజులూ ఒకే వేళ అనడం అర్థంలేని మాట. వాళ్లకు కావాల్సింది డ్యూటీ పట్టికల్లో మార్పు, అది యాజమాన్యాల పని. స్థిరంగా రాత్రి షిఫ్టే చేసేవాళ్లు మాత్రం పగటి నిద్రకు ఇదే పద్ధతిని తిరగేసి వాడుకోవచ్చు, ఇంటికొచ్చే దారిలో ఎండ కళ్లలో పడకుండా చూసుకుంటూ. వారంలో మూడు రాత్రులైనా నిద్ర పట్టక, అది మూడు నెలలకు మించి సాగుతుంటే ఫోనును పక్కనపెట్టి డాక్టరును కలవాలి. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ప్రవర్తన చికిత్స చేయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. ఆ చికిత్సలో రోగికి మొదట్లోనే చెప్పే నియమాల్లో ఒకటి, రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు మంచం దిగడం.