తెడ్డు బోర్డుకు తెరచాప

నిలబడి తెడ్డు వేసే పాడిల్‌బోర్డుకు తెరచాప తగిలించవచ్చా? బోర్డు మధ్యలో దాన్ని బిగించే మర ఉంటే తగిలించవచ్చు. చాలా బోర్డుల్లో ఇది 8 మిల్లీమీటర్ల మర. అది లేని బోర్డుకు ఇంట్లో రంధ్రం చేయకూడదు. లోపలి నురుగులోకి నీరు చేరుతుంది. గాలి నింపే బోర్డయితే ఇక చెప్పనక్కర్లేదు!

పడవలో తెరచాప కొయ్య నిటారుగా నిలిచి ఉంటుంది. ఇక్కడ దాని మొదట్లో ఎటైనా వంగే కీలు ఉంటుంది. చుక్కాని ఉండదు. తెరచాపను ముందుకు వాలిస్తే బోర్డు ముక్కు గాలివాలుకు, వెనక్కి వాలిస్తే ఎదురుగాలి వైపుకు తిరుగుతుంది. అమెరికాలో జిమ్ డ్రేక్, హోయల్ ష్వైట్జర్ 1968లో పేటెంటుకు దరఖాస్తు చేసిన విండ్‌సర్ఫర్‌ను నడిపించింది ఈ కీలే.

అసలు చిక్కు పక్కకు జారడం. గాలి తెరచాపను ముందుకే కాదు, పక్కకూ నెడుతుంది. చదునైన అడుగు, వెనక ఉన్న చిన్న ఫిన్ ఆ తోపును ఆపలేవు. మధ్యలో మరో ఫిన్ లేకపోతే బయల్దేరిన చోటికి తిరిగి రావడమే కష్టం. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. కొత్తవారికి చిన్న తెరచాపే మేలు. గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంటే అసలు దిగకూడదు.

తిరిగొచ్చాక మంచినీళ్లతో కడగాలి. కొయ్య అతుకులో ఇసుక చేరితే ముక్కలు విడిరావు. ఉప్పునీటిలో స్టీలు, అల్యూమినియం ఆనుకుని ఉంటే చిన్న విద్యుత్ ఘటంలా మారి అల్యూమినియం క్షీణిస్తుంది. రబ్బరు కీలును వంచి చూసి, సన్నని పగులు కనిపించినా మార్చేయాలి. నీటి మధ్యలో అది తెగితే తెరచాపను పట్టి ఉంచేది పక్కనున్న తాడొక్కటే. అప్పుడు కూడా బోర్డును వదిలి ఈదకూడదు, దానిమీదే పడుకుని చేతులతో నీటిని తోసుకుంటూ రావాలి.