కూలిన కెర్నెల్ మరణ వాంగ్మూలం

2024 జులై 19, శుక్రవారం. ఇక్కడ బ్రిటన్‌లో పొద్దున్నే స్కై న్యూస్ ప్రసారం ఆగిపోయింది. ఇంగ్లండ్‌లో చాలామంది జీపీల (కుటుంబ వైద్యుల) దగ్గర రోగుల రికార్డులు తెరుచుకోలేదు. సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో కుప్పకూలాయి.

సర్వర్లు చూసుకునే నాకు ఆ తెర వెనక జరిగే పనంటేనే ఆసక్తి. కూలే క్షణంలో మెమరీలో ఏముందో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ రాసిపెట్టే ఫైలే క్రాష్ డంప్. అప్పటికి ఫైల్ సిస్టమ్‌ను నమ్మలేం. మంచి డేటా మీద రాసేస్తే అసలుకే మోసం. అందుకే విండోస్ మామూలు దారి వదిలేసి, డంప్ కోసమే విడిగా ఉంచుకున్న డ్రైవర్‌తో నేరుగా డిస్కులో పేజ్ ఫైల్ ఉన్నచోట రాస్తుంది. మళ్లీ బూట్ అయ్యాక దాన్ని మామూలు డంప్ ఫైలుగా బయటికి తీస్తుంది. లైనక్స్ పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది: ముందే కొంత మెమరీ పక్కన పెట్టుకుని, అందులోంచి రెండో కెర్నెల్‌ను లేపి, కూలినదాని మెమరీని భద్రపరుస్తుంది.

ఆ రోజు డంప్‌లు తెరిచినవాళ్లకు క్రౌడ్‌స్ట్రైక్‌కు చెందిన సీఎస్‌ఏజెంట్ అనే డ్రైవర్ పేరు, అది చదవకూడని మెమరీ చిరునామాను చదవబోయిన జాడ దొరికాయి.

డంప్‌లో పాస్‌వర్డ్‌లు, రోగుల వివరాలు కూడా ఉండొచ్చు. ఎన్‌క్రిప్ట్ చేయకుండా దాన్ని నేను బయటికి పంపనివ్వను.