వ్యాధియు, ప్రార్థనయు, దైవేచ్ఛయు



ఇంటిలో ఒకరు మంచము పట్టినప్పుడు మనము మొట్టమొదట దేవుని తలతుము. మా సిద్ధిపేట ప్రాంతమున పలువురు కొమురవెల్లి మల్లన్నకు మ్రొక్కుకొందురు. జబ్బు నయమైనచో పట్నము వేయింతుమందురు. కొందరు దర్గాకు పోయి ఫాతిహా చదివింతురు. మరికొందరు 1924 డిసెంబరు 25 న ప్రతిష్ఠ జరిగిన మెదకు చర్చిలో మోకరింతురు. పేరు వేరైనను కోరునది ఒక్కటే: "స్వామీ, వీనిని బ్రతికింపుము." దానికి తోడుగా మరియొక మాటయు అందుము: "ఆపై నీ చిత్తము." ఈ రెండు మాటలును ఒక్క నోట ఇముడును. అయితే రెండవ మాటను ఎప్పుడు పలుకవలెనో తెలియవలెను. దీనిని నేను నా తమ్ముని పోగొట్టుకొని నేర్చుకొంటిని.

వానికి క్షయ సోకెను. ప్రభుత్వ వైద్యశాలలో మందులు ఉచితముగానే ఇచ్చిరి. ఆరు నెలలు తప్పక వాడవలెనని చెప్పిరి. నేను మల్లన్నకు బోనము మ్రొక్కుకొంటిని. రెండు నెలలలో దగ్గు తగ్గెను, ఒంటికి కండ పట్టెను. ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. "దేవుడు ఆలకించెను, ఇంక మందెందుకు?" అని ఎవరో అనిరి. పెద్దవాడనైన నేనును ఔననంటిని. మందు మానివేసెను.

క్షయక్రిములు మెల్లగా చచ్చును. దగ్గు తగ్గిన పిమ్మటను ఊపిరితిత్తులలో కొన్ని దాగియుండును. నడుమ మందు మానినచో అవి మరల పెరుగును. ఒక్కొక్కప్పుడు మునుపటి మందునకు లొంగవు. మా యింట జరిగినది ఇదియే. కొన్ని నెలలకు దగ్గుతో నెత్తురు పడెను. మరల చికిత్స మొదలు పెట్టిరి గాని అప్పటికే ఊపిరితిత్తులు చాలవరకు చెడిపోయినవి.

ఆ రాత్రులలో నేను చేసినది ప్రార్థన కాదు, బేరము. బోనమునకు తోడు పట్నమంటిని, పట్నమునకు తోడు వెండి మీసములంటిని. ఒకనాటి రాత్రి తమ్ముడు నా చేయి పట్టుకొని, "అన్నా, మ్రొక్కుము, వలదనను. కాని నాతో నిజము చెప్పుము. చెప్పవలసిన మాటలు నాకు కొన్ని ఉన్నవి" అనెను. నాటినుండి మందు వేళకు ఇచ్చుచునే, "బ్రతికింపుము, అది నీకు సమ్మతము కానిచో వీనికి భయము లేకుండ చేయుము, నాకు బలమిమ్ము" అని వేడుకొంటిని. వాడు అప్పుల లెక్క చెప్పెను, పొలము సంగతి చెప్పెను, బిడ్డ చదువు మాన్పింపవలదనెను. ఎండకాలమున కన్ను మూసెను.

వచ్చినవారందరును "దైవేచ్ఛ" యనిరి. నేను అనలేకపోతిని. నేను మాన్పించిన మందును దేవుని ఖాతాలో వ్రాయుట న్యాయమా? మన తప్పునకు దైవేచ్ఛ యని పేరు పెట్టరాదు. చేయవలసినదంతయు చేసిన పిమ్మట మన చేతిలో లేక మిగిలినదే దైవేచ్ఛ.

పోతన భాగవతములోని గజేంద్రుని తలచుకొనుడు. మకరి పట్టిన వెంటనే అతడు కాళ్లు చాచి పడియుండలేదు. బలమున్నంత కాలము పెనగులాడెను. బలముడిగిన పిమ్మట శరణు వేడెను. క్రైస్తవుల సువార్తలలోనును గెత్సేమనే తోట యందు యేసు ఆ బాధ తనకు తప్పవలెనని మొదట కోరి, తరువాత తండ్రి చిత్తమునకు తలయొగ్గెను. కావున నయము కావలెనని కోరుట విశ్వాస లోపము కాదు.

ప్రార్థించు చేతులే మందును ఈయవచ్చుననుటకు నిజామాబాదు చెంతనున్న డిచ్‌పల్లి సాక్ష్యము. అక్కడ 1915 లో ఇసబెల్ కెర్ అను స్కాట్లండు దేశపు క్రైస్తవ వైద్యురాలు కుష్ఠరోగులకొక చికిత్సాలయమును నెలకొల్పెను. దానికి ధనమిచ్చినవాడు హిందువైన నర్సాగౌడు. ఆనాడు చాల్‌మోగ్ర నూనెను సూదితో ఎక్కించెడివారు. కొందరికి మేలు కలిగెను, అందరికి కలుగలేదు. కుదురనివారికిని అక్కడ అన్నము పెట్టిరి, పుండ్లు కడిగిరి. 1981 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెక్కు మందులను కలిపి యిచ్చు చికిత్సను నిర్ణయించిన తరువాత కుష్ఠు నిశ్చయముగా కుదురు వ్యాధియైనది. మందు అసంపూర్ణమైన దినములలోను వారు సేవ మానలేదు; ఇది మనకు పాఠము.

పెద్దలారా, ఊరిలో మీ మాటకు విలువ కలదు. రెండు వారములు దాటి దగ్గు నిలిచినచో కఫము పరీక్ష చేయించుకొమ్మని చెప్పుడు. మ్రొక్కుకొన్నవానిని వెక్కిరింపకుడు, మందు మాత్రము మాననీయకుడు. రోగితో "నీ పాపము" అనియు, "నీకు నమ్మిక చాలదు" అనియు అనకుడు. వాడు చావును గూర్చి మాటాడిన యెడల నోరు మూయింపక వినుడు.

నా తమ్ముని బిడ్డ చదువుచున్నది. నేటికిని కొమురవెల్లికి పోయి బోనము సమర్పించుచునే యున్నాను. ఇప్పుడు బేరము లేదు. సెలవు.