రాజపూజ్యం 2, అవమానం 6

ఉగాది పచ్చడి తిన్న తరువాత మనమందరం ఎదురుచూసేది పంచాంగ శ్రవణం కోసమే. నమ్మేవాళ్ళూ వింటారు, నమ్మనివాళ్ళూ వింటారు. మేషం మొదలుకొని మీనం దాకా ఒక్కొక్క రాశికీ ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని చదువుతూ ఉంటే ఎవరి రాశి వచ్చినప్పుడు వాళ్ళు చెవులు రిక్కిస్తారు. అవమానం ఆరు వచ్చిన పెద్దమనిషిని పక్కవాళ్ళు ఆటపట్టిస్తారు. ఆయనా నవ్వేసి ఇంకో బూరె తీసుకుంటాడు.

ఈమధ్య నాకొక సంగతి తోచింది. అవమానం అన్న మాట మన సమావేశాల్లో పైకి వినబడేది ఏడాది మొత్తానికి ఆ అరగంటే! తక్కిన రోజుల్లో మనం చెప్పుకొనేవన్నీ రాజపూజ్యాలే. ఎవరబ్బాయికి ఎక్కడ సీటు వచ్చింది, ఎవరమ్మాయికి ఎంత పర్సంటేజీ వచ్చింది, ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరు హైదరాబాదులో ఫ్లాటు కొన్నారు. పిల్లలు పక్కనే ప్లేట్లు పట్టుకొని ఇవన్నీ వింటూ ఉంటారు. విని వాళ్ళేమనుకుంటున్నారో నాకు కిందటి ఏడాది దాకా తెలియలేదు.

మా అబ్బాయి సోహార్‌లోనే ప్లస్ టూ ముగించి ఇండియాలో ఇంజనీరింగులో చేరాడు. గల్ఫ్‌లో పెరిగిన మన పిల్లల్లో చాలామంది దారి ఇదే. పదిహేడు పద్ధెనిమిదేళ్ళకు అమ్మానాన్నలను వదిలి, అంతవరకూ సెలవుల్లో మాత్రమే చూసిన దేశానికి ఒంటరిగా వెళతారు. ఇక్కడ వాళ్ళు ‘ఇండియావాళ్ళు’, అక్కడ హాస్టల్లో ‘గల్ఫ్‌వాళ్ళు’.

మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చి మూడు వారాలైనా వాడు మాకు చెప్పలేదు. ఒక రాత్రి మన టైము పన్నెండు దాటాక ఫోన్ చేశాడు. అంటే అక్కడ ఒకటిన్నర.

“నాన్నా, రెండు సబ్జెక్టులు పోయాయి” అన్నాడు. దానికి నేనంతగా కంగారు పడలేదు. ఆ తరువాత అన్న మాటకు మాత్రం నాకు గొంతు పెగలలేదు. “మనింట్లో ఎప్పుడూ ఎవరూ ఫెయిల్ కాలేదు కదా. నేనే మొదటివాణ్ణి.”

మనింట్లో ఎవరూ ఫెయిల్ కాలేదా? 1999లో ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరం అనాటమీలో డింకీ కొట్టిన మహానుభావుణ్ణి నేనే కదా!

బస్టాండు బల్ల మీద

ఆనాడు ఫలితం చూసుకొని నేను ఇంటికి వెళ్ళలేదు. స్నేహితుడి గదిలో ముసుగు తన్ని పడుకున్నాను. మూడో రోజున ఎవరు చెప్పారో ఏమో, మా నాన్న దివిసీమ నుంచి బస్సెక్కి వచ్చారు. తిట్టలేదు. బస్టాండుకు తీసుకువెళ్ళి టీ ఇప్పించి, బల్ల మీద కూర్చోబెట్టి, 1977 నవంబరు 19 నాటి సంగతి చెప్పారు.

ఉప్పెనలో మా నాన్నమ్మ పోయిందని నాకు తెలుసు. ఆ తరువాత మా నాన్న ఎలా బతికారన్నది మాత్రం ఆ రోజు దాకా తెలియదు. “నీళ్ళు తీశాక చూస్తే ఇల్లు లేదు, గొడ్లు లేవు. పొలమంతా ఉప్పు. రెండేళ్ళు గింజ పండలేదు. అవనిగడ్డలో ఒకళ్ళ కొట్లో బస్తాలు మోశాను. ఊళ్ళోవాళ్ళు జాలిగా చూస్తుంటే తల ఎత్తలేకపోయేవాణ్ణి. మూడో ఏడు మళ్ళీ నాగలి పట్టాను. నీది ఆర్నెల్ల పనే కదరా అబ్బాయ్” అన్నారు. అంతే. టీ గ్లాసులు ఇచ్చేసి, తిరుగు బస్సెక్కారు.

ఆర్నెల్లకు నేను పాసయ్యాను. పాసైన మరుక్షణం నుంచీ ఆ సంగతిని భద్రంగా పాతిపెట్టాను. పెళ్ళిచూపుల్లో చెప్పలేదు. ఉద్యోగం ఇంటర్వ్యూల్లో ఎవరూ అడగలేదు. మా అబ్బాయితో ఫోన్లో ఆ కథంతా చెబుతూ ఉంటే పక్కనుంచి మా ఆవిడ లేచి కూర్చుంది. ఆవిడకూ అదే వినడం!

నా తప్పు ఇంకొకటి ఉంది. 2021 అక్టోబరు 3న షహీన్ తుఫాను మన బాతినా తీరాన్ని తాకింది. మనకు దక్షిణాన ఖాబూరా, సువైక్ వైపు వాదీలు పొంగి ఊళ్ళ మీద పడ్డాయి. ఆ రాత్రి తలుపుల కింద తువ్వాళ్ళు కుక్కుతూ ఉంటే మావాడు, “నాన్నా, నీకు తుఫానంటే భయం లేదా?” అని అడిగాడు. వాళ్ళ తాతయ్య కథ చెప్పడానికి అంతకన్న మంచి వేళ ఏముంటుంది? “ఏం కాదులే, పడుకో” అని ఫోన్లో వార్తలు చూసుకుంటూ కూర్చున్నాను.

ఆపదలు చెప్పుకున్న నావికుడు

మనం ఉంటున్న ఊరికీ ఈ విషయానికీ ఒక సంబంధం ఉంది. సింద్‌బాద్ మా ఊరివాడేనని సోహార్‌వాళ్ళు చెప్పుకుంటారు. కథలో అతడిది బాగ్దాదు, ఓడ ఎక్కేది బస్రాలో. అయినా సోహార్ పేరు అతడిని వదల్లేదు. టిమ్ సెవెరిన్ అనే ఐర్లండువాసి మలబారు కలపతో, మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్ళతో పలకలు కుట్టించి, ఒమాన్‌లోని సూర్‌లో పాతకాలపు ఓడ కట్టించాడు. దానికి ‘సోహార్’ అని పేరు పెట్టి, 1980 నవంబరులో మస్కట్‌లో బయలుదేరి 1981 జూలైలో చైనాలోని కాంటన్ చేరాడు. మస్కట్ అల్ బుస్తాన్ రౌండబౌట్‌లో ఆ ఓడను మనలో చాలామంది చూసే ఉంటారు.

ఆ ఏడు యాత్రలూ మనకు చిన్నప్పటినుంచీ తెలిసినవే. వాటిని చెప్పిన సందర్భాన్నే మనం మరిచిపోతాం. మూటలు మోసే ఒక కూలివాడు ఒక భవనం వాకిట్లో కూలబడి, లోపలివాళ్ళ అదృష్టాన్నీ తన దురదృష్టాన్నీ తలచుకొని వాపోతాడు. అది విని భవనం యజమాని అతణ్ణి లోపలికి పిలిచి, అతిథుల మధ్య కూర్చోబెట్టి భోజనం పెట్టి, రోజుకొక యాత్ర కథ చెబుతాడు. ప్రతి కథలోనూ ఆపదే. ఒకసారి దీవి అనుకొని దిగింది పెద్ద చేప వీపు. ఒకసారి తోటివాళ్ళు మరిచిపోయి వదిలేసి పోతారు. ఇంకోసారి ఓడ పగిలిపోతుంది. ‘ఈ భవనం ఇట్లా వచ్చింది సుమా’ అని ఆ కూలివాడికి తెలియజెప్పడమే ఆయన ఉద్దేశం.

మన పిల్లలు మన వాకిట్లో కూర్చున్నవాళ్ళే. వాళ్ళు పుట్టేనాటికే మనకు కారుంది, ఏసీ ఉంది, పేరు ముందు డాక్టరో పేరు వెనక డిగ్రీలో ఉన్నాయి. ఓడ మునిగిన సంగతి మనం చెబితే తప్ప వాళ్ళకు తెలిసే దారి లేదు.

విశ్వవిద్యాలయాల్లో చూసింది

ఇదంతా ఒక తండ్రి బాధ అని కొట్టిపారెయ్యవచ్చు. కాని ఈ విషయం మీద మంచి పరిశోధనలే ఉన్నాయి. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు పిల్లలను అడగడానికి ఇరవై ప్రశ్నలు తయారుచేశారు. మీ తాతగారు ఎక్కడ పెరిగారో తెలుసా? మీ అమ్మానాన్నలు ఎలా కలుసుకున్నారో తెలుసా? మీ కుటుంబంలో జరిగిన పెద్ద కష్టం ఏదైనా తెలుసా? 2001 వేసవిలో సుమారు నాలుగు డజన్ల కుటుంబాలను పరిశీలించి, భోజనాల వేళ మాటలు కూడా రికార్డు చేశారు. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనబడింది. అదే ఏడాది సెప్టెంబరు 11 దాడుల తరువాత మళ్ళీ చూస్తే, ఆ దిగులు నుంచి త్వరగా తేరుకున్నదీ వాళ్ళే.

డ్యూక్ చెప్పిన దాంట్లో నాకు నచ్చింది కథల్లో రకాలు. ‘ఏమీ లేని స్థితి నుంచి ఇంతవాళ్ళమయ్యాం’ అనేది ఒకటి. ‘ఒకప్పుడు అన్నీ ఉండేవి, పోయాయి’ అనేది రెండోది. ‘లేచాం, పడ్డాం, మళ్ళీ లేచాం, అందరం కలిసే ఉన్నాం’ అనేది మూడోది. పిల్లలకు బలమిచ్చేది ఆ మూడోదేనట. మన పంచాంగంలో ఏ రాశికీ రాజపూజ్యం ఒక్కటే రాసిపెట్టలేదు కదా! అయితే ఇరవై జవాబులు బట్టీ పట్టిస్తే చాలదని కూడా ఆయన హెచ్చరించారు. అన్నాల దగ్గరా ప్రయాణాల్లోనూ తీరిగ్గా చెప్పుకుంటూ ఉండే అలవాటులోనే ఆ బలం ఉందంటారు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ల పరిశోధన 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ‘ఇక్కడ నేను ఇమడలేనేమో అని మొదట్లో నాకూ అనిపించింది, పోనుపోను పోయింది’ అన్న పై తరగతుల విద్యార్థుల అనుభవాలను మొదటి సంవత్సరం వాళ్ళచేత చదివించారు. తరువాత తమ అనుభవాన్ని రాయించి, రాబోయే విద్యార్థుల కోసం వాళ్ళచేతనే చెప్పించారు. మొత్తం సుమారు గంట పని. తరువాతి మూడేళ్ళలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లవాళ్ళతో ఉన్న తేడా సగానికి తగ్గింది. ‘ఇది నా ఒక్కడికే జరుగుతోంది’ అన్న భయం పోవడమే అందులోని కిటుకు.

2016లో ప్రిన్స్‌టన్ ప్రొఫెసరు యోహానెస్ హౌస్‌హోఫర్ తనకు రాని సీట్లు, రాని ఉద్యోగాలు, తిరిగివచ్చిన వ్యాసాలు అన్నీ వరుసగా రాసి ‘వైఫల్యాల బయోడేటా’ ప్రకటించాడు. ఆ ఊహ మొదట 2010లో మెలనీ స్టెఫాన్ అనే శాస్త్రవేత్త ‘నేచర్’ పత్రికలో రాసింది. మనమెవరం అటువంటి బయోడేటా రాసినా రెండు పేజీలకు తగ్గదు!

మా శుక్రవారాలు

సోహార్ ఇప్పుడు చదువుల ఊరు కూడా. సోహార్ యూనివర్సిటీ 2001లో మొదలయింది. అదే ఏడాది మొదలైన మెడికల్ కాలేజీ ఇప్పుడు నేషనల్ యూనివర్సిటీలో భాగం. వీటిలో పాఠాలు చెప్పే మన కుటుంబాలు కొన్ని, ఇల్లు వదిలి వచ్చి చదువుకుంటున్న పిల్లలు కొందరు కలిసి నెలకొక శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో కూర్చుంటున్నాం. ఒక్కొక్కరు ఒక్క కథ. నియమాలు మూడే. తమ కథే చెప్పాలి గాని పిల్లల వైఫల్యాలు బయటపెట్టకూడదు. చివర నీతి చెప్పకూడదు. విన్నవాళ్ళు సలహా ఇవ్వకూడదు. మూడోదే మనవాళ్ళకు మహా కష్టంగా ఉంది.

ఒక డాక్టరమ్మ ప్రొమెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పిన కథ చెప్పారు. చమురు ధరలు పడిపోయిన రోజుల్లో ఉద్యోగం పోయిన ఒక ఇంజనీరుగారు, నోటీసు వచ్చాక నెల రోజులు ఇంట్లో చెప్పలేక సాయంత్రాలు కార్నీష్ దగ్గర కారులో కూర్చున్న సంగతి చెప్పారు. ఆయన కూతురు ఇప్పుడు కాలేజీ విద్యార్థిని. “అందుకేనా ఆ ఏడాది నన్ను స్కూలు మార్చారు? నేను బాగా చదవడం లేదని మార్చారేమో అనుకున్నాను డాడీ” అంది. ఇన్నేళ్ళు ఆ పిల్ల ఆ భారం ఊరికే మోసింది! ఆయన కాసేపు మాట్లాడలేకపోయారు. మేమెవరం మాట్లాడలేదు.

వైద్యుడిగా ఒక మాట. కథలు మందులకు బదులు కావు. పిల్ల నిద్రపోవడం లేదన్నా, పిల్లవాడు అన్నం మానేసి గది దాటి రావడం లేదన్నా, బతుకు మీద విరక్తిగా మాట్లాడుతున్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. కాని ఆ మాట మనదాకా రావాలంటే, ‘చెబితే ఇంట్లోవాళ్ళు అర్థం చేసుకుంటారు’ అన్న నమ్మకం ముందు ఉండాలి. అది కలిగించడం మన చేతుల్లోని పని.

మా అబ్బాయి రెండింటిలో ఒక సబ్జెక్టు పాసయ్యాడు. ఇంకొకటి రాయవలసి ఉంది. ఈసారి ఫలితం వచ్చిన రోజునే ఫోన్ చేశాడు. “మా రూమ్మేటుకి మూడు పోయాయి నాన్నా. వాడికి తాతయ్య ఉప్పెన కథ చెప్పాను. నీ డింకీ సంగతి కూడా చెప్పేశాను, ఫరవాలేదా?” అన్నాడు. ఫరవాలేదన్నాను. ఎటూ ఇప్పుడు మీ అందరికీ తెలిసిపోయింది!

ఈ ఉగాదికి పంచాంగంలో మీ రాశికి అవమానం ఎంత వచ్చినా బెంగపడకండి. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో, పాత లెక్కలోనిది ఒకటి తీసి మీ పిల్లలకు చెప్పండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.